మురుగులో పోతున్న భాస్వరం – ఒక ప్రయోగశాల ఉద్యోగి చెప్పే చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు మూడుసార్లు కబురు చేశారు. "మీ శాఖ చరిత్ర రాయండి, కొత్తవాళ్లకు తెలియాలి" అన్నారు. మన సభ్యుల్లో ఆనకట్టల మీద పనిచేసినవారు ఉన్నారు, ఎన్నికలు నడిపినవారు ఉన్నారు, తుపానుల్లో పడవలెక్కి బియ్యం పంచినవారు ఉన్నారు. వారు చెబితే చరిత్ర అవుతుంది. నేను 1970లో ఉద్యోగంలో చేరి 2005లో విరమించేదాకా మురుగునీటి ప్రయోగశాలలో సీసాలతో కాలక్షేపం చేసినవాణ్ణి. పెళ్లిళ్లలో "ఏం ఉద్యోగం బాబూ?" అని ఎవరైనా అడిగితే "నీటి శాఖ" అని ఊరుకునేవాణ్ణి. ఏ నీరో చెప్పేవాణ్ణి కాదు.

అయినా ఆ మురుగులోనే ఒక పెద్ద చరిత్ర ఉంది. అందులో చిన్న మూల నాదీ ఉంది. దాన్ని ముప్పయ్యేడు సంవత్సరాలుగా ఎవరికీ చెప్పలేదు. ముందు పెద్ద చరిత్ర చెప్పి, తర్వాత నాది చెబుతాను.

మూత్రంలో దొరికిన వెలుగు

భాస్వరం అంటే ప్రకాశించేది అని అర్థం. ఇంగ్లీషువారి ఫాస్ఫరస్‌కూ గ్రీకు భాషలో వెలుగును మోసేది అనే అర్థం. ఈ మూలకాన్ని మొదట పట్టుకున్నవాడు జర్మనీలోని హాంబర్గ్ నగరవాసి హెన్నిగ్ బ్రాండ్. 1669లో ఆయన బంగారం తీయాలని బకెట్లకొద్దీ మూత్రాన్ని కుళ్లబెట్టి, మరగబెట్టి, మిగిలిన ముద్దను మంట మీద విపరీతంగా కాల్చాడు. బంగారం రాలేదు. చీకట్లో వెలిగే మైనంలాంటి పదార్థం వచ్చింది. అంటే మురుగులోంచి భాస్వరాన్ని తిరిగి తీయడమనే పని ఈనాటిది కాదు. అసలు భాస్వరం మనిషికి పరిచయమైందే ఆ దారిలో.

తర్వాత సుమారు నూరేళ్లకు స్వీడన్‌లో గాన్, షీలే అనే రసాయనవేత్తలు ఎముకల్లో భాస్వరం ఉందని తేల్చారు. దాంతో మూత్రం అవసరం తీరింది. 1840లో లీబిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త, పంట నేలలోంచి తీసుకున్న ఖనిజాలను తిరిగి నేలకు ఇవ్వాలని గట్టిగా వాదించాడు. 1842లో ఇంగ్లండులో జాన్ లాస్ ఎముకలు, ఫాస్ఫేట్ రాళ్ల మీద గంధకామ్లం పోసి సూపర్ ఫాస్ఫేట్ చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. మన రైతు ఇప్పటికీ "సూపర్" అని పిలిచే బస్తా పుట్టింది అక్కడే.

ఎముకలు చాలలేదు. పక్షుల రెట్టల గుట్టలు తవ్వారు. ఆ తర్వాత ఫాస్ఫేట్ రాయి. పసిఫిక్ సముద్రంలోని నౌరూ అనే చిన్న దీవిని ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచి తవ్వి తవ్వి, మధ్యభాగమంతా మొనదేలిన సున్నపురాళ్లు తప్ప ఏమీ మిగలకుండా చేశారు. ఇప్పుడు ప్రపంచంలో తెలిసిన ఫాస్ఫేట్ రాతి నిల్వల్లో సుమారు మూడింట రెండు వంతులకు పైగా మొరాకో, దాని ఆధీనంలోని పశ్చిమ సహారాలోనే ఉన్నాయని లెక్కలు. మన దేశంలో 1968లో రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్రాలో రాయి దొరికింది గాని, అది మన అవసరానికి చాలదు. విశాఖపట్నంలో, కాకినాడలో ఎరువుల కర్మాగారాలు ఓడరేవుల పక్కనే ఎందుకు వెలిశాయో దీన్నిబట్టి ఊహించవచ్చు. సరుకు ఓడలో రావాలి.

ఇటు ఓడలో వచ్చిన భాస్వరం పొలంలోకి, పొలంలోంచి గింజలోకి, గింజలోంచి మన కంచంలోకి, కంచంలోంచి మురుగుకాలువలోకి వెళుతుంది. ఎదిగిన మనిషి శరీరం భాస్వరాన్ని దాచుకోదు, తిన్నంతా దాదాపు విసర్జిస్తుంది. అది రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల దాకా ఉంటుంది. అందులో సగానికి మించి మూత్రంలోనే. లెక్క సులువు కోసం ఏడాదికి మనిషికి అరకిలో అనుకుందాం. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో ఉండే అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. అంటే ఇరవై మంది కలిసి ఏడాదికి ఒక బస్తా భాస్వరాన్ని కాలువలో కలుపుతున్నాం. లక్ష జనాభా ఉన్న పట్టణం 5,000 బస్తాలు. ఇదంతా తిరిగి తీయగలమని కాదు. ఎంత పోతోందో తెలియడానికి చెప్పాను.

పోయింది పోయినచోట ఊరుకోదు

ఆ భాస్వరం చెరువులో పడితే అక్కడా ఎరువే అవుతుంది. 1973లో కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక చెరువు మధ్యన గట్టి ప్లాస్టిక్ తెర కట్టి రెండు భాగాలు చేసింది. ఆ చెరువుకు పేరు లేదు, 226 అనే నంబరే. ఒక భాగంలో కర్బనం, నత్రజని కలిపారు. రెండో భాగంలో వాటితోపాటు భాస్వరం కూడా కలిపారు. కొన్ని వారాల్లో రెండో భాగం పచ్చగా నాచు పట్టిపోయింది. మొదటిది మామూలుగానే ఉంది. విమానంలోంచి తీసిన ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. మాకు శిక్షణ తరగతిలో ఆ నలుపు తెలుపు జెరాక్సు చూపించారు. పచ్చదనం కనిపించలేదు గాని ఒక సగం ముదురుగా, ఒక సగం లేతగా ఉండటం ఇప్పటికీ గుర్తుంది.

మనకు కెనడా దాకా పోనక్కరలేదు. 16వ శతాబ్దంలో తవ్విన హుస్సేన్ సాగర్ ఒకనాడు తాగునీటి చెరువు. నాలాలు వచ్చి కలిశాక దాని గతేమైందో హైదరాబాదులో ఉన్న సభ్యులకు నేను చెప్పాలా? ఎండాకాలం టాంక్‌బండ్ మీద నడిచినవారి ముక్కుకే తెలుసు. మన ఊళ్ల చెరువుల్లో గుర్రపుడెక్క కమ్ముకోవడానికీ, రాత్రికి రాత్రి చేపలు తేలడానికీ వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి. నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది.

పట్టుకునే పదార్థాలు

ఇక అధిశోషణం అనే మాట. పీల్చుకోవడం వేరు, అధిశోషణం వేరు. స్పాంజి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అధిశోషకం తన ఉపరితలం మీద పట్టుకుంటుంది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడుల గరుకు ఉపరితలం మీద హైడ్రాక్సిల్ అనే గుంపులు కూర్చుని ఉంటాయి. ఫాస్ఫేట్ వచ్చి వాటిని లేపి ఆ చోట తాను కూర్చుంటుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నంత పట్టుదలగా కూర్చుంటుంది. దాన్ని లేపాలంటే హైడ్రాక్సిల్ గుంపులనే పెద్దయెత్తున తేవాలి. అంటే కాస్టిక్ సోడా ద్రావణం పోయాలి. అప్పుడు ఫాస్ఫేట్ దిగి బయటికి వస్తుంది. అందులో సున్నం కలిపితే కాల్షియం ఫాస్ఫేట్‌గా అడుగున చేరుతుంది. అదే ఎరువుకు ముడిసరుకు. ఖాళీ అయిన అధిశోషకం మళ్లీ పనికొస్తుంది.

చెప్పడానికి నాలుగు వాక్యాలు. చేయడానికి నూటయాభై ఏళ్లు పట్టింది, ఇంకా పూర్తి కాలేదు.

ఇంగ్లండులో హక్స్‌టబుల్ అనే మతాచార్యుడు పెంటకుప్ప నుంచి కారిన నీటిని మామూలు మట్టిగుండా వడగట్టి చూస్తే రంగు, వాసన పోయి వచ్చింది. థామ్సన్ అనే ఆయన మట్టి అమ్మోనియాను పట్టుకుంటుందని గమనించాడు. ఈ రెండింటినీ పట్టుకుని థామస్ వే అనే రసాయనవేత్త 1850లోనూ ఆ తర్వాతా వరుసగా ప్రయోగాలు చేసి, మట్టికి ఎరువు పదార్థాలను పట్టి ఉంచే శక్తి ఉందని రాశాడు. అధిశోషణం, అయాన్ల మార్పిడి అనే శాస్త్రాలకు అదొక పునాది.

1858 వేసవిలో లండన్‌లో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు సభ్యులు ముక్కులు మూసుకున్నారు. తర్వాత పెద్ద కాలువలు కట్టి మురుగును ఊరి దిగువకు తరలించారు. లీబిగ్ వంటివారు "బంగారాన్ని సముద్రంలో పోస్తున్నారు" అనే ధోరణిలో మొత్తుకున్నారు. ఆ బంగారాన్ని ఏరుకోవాలని చాలా కంపెనీలు పుట్టాయి. వాటిలో ఒకటి నా కథకు చాలా దగ్గర. 1868లో సిల్లార్ సోదరులు ఎ.బి.సి. పద్ధతి అని ఒకదానికి పేటెంటు తీసుకున్నారు. ఆలం అంటే పటిక, బ్లడ్ అంటే నెత్తురు, క్లే అంటే బంకమన్ను, వీటితోపాటు బొగ్గుపొడి. ఇవి మురుగులో కలిపితే పటిక ఫాస్ఫేట్‌ను దింపుతుంది, బంకమన్ను, బొగ్గు కొంత పట్టుకుంటాయి. అడుగున చేరిన బురదను ఆరబెట్టి "నేటివ్ గ్వానో" పేరుతో ఎరువుగా అమ్మారు. లీమింగ్టన్, ఎయిల్స్‌బరీ, కింగ్‌స్టన్ పట్టణాల్లో నడిపారు. విలియం క్రూక్స్ అంతటి మహా రసాయనవేత్త ఆ కంపెనీ వ్యవహారాల్లో ఉన్నాడు. కాని నదుల కాలుష్యంపై వేసిన రాయల్ కమిషన్ 1870లో పరీక్షించి, బయటికి వచ్చే నీరు ఇంకా మురికిగానే ఉందని, ఆ ఎరువుకు చెప్పుకున్నంత విలువ లేదని తేల్చింది. ఎరువు పేరుతో అమ్మినదాంట్లో చాలా భాగం వాళ్లు వేసిన బంకమన్నే.

ఈ కథ నాకు 1987కు ముందు తెలిసుంటే బాగుండేది.

ఇరవయ్యో శతాబ్దంలో మన దేశం పేరు ఒకచోట గట్టిగా వినిపిస్తుంది. 1959లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన శ్రీనాథ్, శాస్త్రి, పిళ్లై అనే ముగ్గురు, మురుగు శుద్ధిలో వాడే జీవబురద బాగా గాలి అందితే ఫాస్ఫేట్‌ను తనకు కావలసిన దానికంటే ఎక్కువగా, త్వరగా తీసుకుంటుందని ప్రచురించారు. ఆరేళ్ల తర్వాత అమెరికాలో లెవిన్, షపీరో అది సూక్ష్మజీవుల పనే అని వివరించారు. 1970లలో దక్షిణాఫ్రికాలో బార్నార్డ్ దాన్ని కర్మాగార పద్ధతిగా మలిచాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే పద్ధతికి మొదటి అడుగుల్లో ఒకటి మన బెంగళూరులో పడిందని మన పిల్లలకు పాఠంలో ఎందుకు చెప్పరో తెలియదు.

అధిశోషకాల వైపు చూస్తే 1960లలో అల్యూమినా గుళికలు, 1970లలో అల్యూమినియం కర్మాగారాల ఎర్రబురద, 1980లలో ఉక్కు కర్మాగారాల చిట్టెం – ఇలా ఒక్కొక్కటే పరీక్షించారు. 1990లలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. బంకమన్నుకు లాంథనం అనే లోహాన్ని జోడించి చెరువుల్లో చల్లే పదార్థం తయారుచేసింది. అది ఫాస్ఫేట్‌ను చెరువు అడుగునే బంధిస్తుంది. చెరువు బాగుపడుతుంది గాని భాస్వరం రైతుకు చేరదు. పట్టుకోవడం ఒక ఎత్తు, తిరిగి ఇవ్వడం ఒక ఎత్తు. 2007లో అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో బెంగాల్ నుంచి వెళ్లిన అరూప్ సేన్‌గుప్తా, ఆయన సహచరులు రెసిన్ గుళికల లోపల అతి సూక్ష్మమైన ఐరన్ ఆక్సైడ్ రేణువులను నింపి, వాటితో మురుగులోని కొద్దిపాటి ఫాస్ఫేట్‌ను కూడా పట్టి, కాస్టిక్ సోడా, ఉప్పు ద్రావణంతో దింపి, గుళికలను మళ్లీ వాడి చూపారు. ఆయనే అంతకుముందు పశ్చిమ బెంగాల్ పల్లెల్లో బోరునీటిలోని ఆర్సెనిక్‌ను తీసే పరికరాలు పెట్టించినవారు. ఆర్సెనిక్, ఫాస్ఫేట్ రసాయన శాస్త్రంలో అన్నదమ్ములు. ఒకదాన్ని పట్టేది రెండోదాన్నీ పడుతుంది.

నా గాజు గొట్టం

ఇప్పుడు నా సంగతి. ఊరి పేరు, కార్యాలయం పేరు అనవసరం.

1987లో నేను ఒక జిల్లా కేంద్రంలో మురుగుశుద్ధి కేంద్రం ప్రయోగశాలలో ఉన్నాను. శుద్ధిచేసిన నీరు కలిసే చెరువు పచ్చగా మారిందని గ్రామస్థులు అర్జీ ఇచ్చారు. మా పై అధికారికి కొత్త విషయాలంటే ఇష్టం. "మన దగ్గర ఎర్రరాయి బోలెడు ఉంది, అందులో ఇనుము ఉంది, ఏదైనా చేయవచ్చేమో చూడండి" అన్నారు. ఎర్రరాయి అంటే లాటరైట్. నేను దాన్ని కొట్టించి, జల్లెడ పట్టించి, కడిగి, ఎండబెట్టి, నాలుగడుగుల గాజు గొట్టంలో నింపాను. స్వేదనజలంలో పొటాషియం ఫాస్ఫేట్ కరిగించి పైనుంచి పోశాను.

ఫాస్ఫేట్ పరీక్ష తెలిసినవారికి తెలుసు. నీటిలో అమ్మోనియం మాలిబ్డేట్, ఆపైన ఆస్కార్బిక్ ఆమ్లం కలిపితే ఫాస్ఫేట్ ఉన్నకొద్దీ నీలం రంగు వస్తుంది. గొట్టం పైన పోసిన నీటికి సిరా అంత నీలం. కిందికి దిగిన నీటికి ఏ రంగూ లేదు. వారం రోజులు చూశాను. ఏ రంగూ లేదు. ఆ ఆనందం ఇప్పుడు చెప్పలేను. ఆ రాత్రి ఇంట్లో నా భార్యకు పరీక్షనాళిక గురించి చెబుతుంటే ఆమె "అన్నం చల్లారిపోతోంది" అంది.

మా మేస్త్రీ ఒకాయన ఉండేవారు. చదువు లేదు. ముప్పై ఏళ్లుగా ఆ తొట్ల మధ్యనే పని. ఆయన గొట్టాన్ని చూసి "సారూ, ఇందులో మన నీళ్లు పోసి చూశారా?" అన్నారు. "చూస్తాం లే" అన్నాను. చూడలేదు. నివేదిక త్వరగా కావాలని పైనుంచి ఒత్తిడి ఉంది. అంతకంటే నిజం చెప్పాలంటే, ఆ తెల్లని నీటిని చెడగొట్టుకోవాలని నాకు లేదు. నివేదికలో "ఎర్రరాతి పొర ఫాస్ఫేట్‌ను సంపూర్ణంగా తొలగించును" అని రాశాను. స్వేదనజలం అనే మాట రిజిస్టరులో రాశాను గాని నివేదికలో రాయలేదు.

1988లో ఆ నివేదిక ఆధారంగా ఇటుక, సిమెంటుతో ఒక ప్రయోగ తొట్టి కట్టారు. కట్టించింది ఒక అసిస్టెంటు ఇంజనీరు గారు. నాకంటే నాలుగేళ్లు చిన్న. ఇటుక ఇటుకా తట్టి చూసే మనిషి. అడుగున చిల్లుల గొట్టాలు, వాటిపైన కంకర, ఆపైన ఎర్రరాతి పొడి. మొదటి రెండు రోజులు కొంత పనిచేసింది. తొమ్మిదో రోజుకు పైన జిగట పొర కట్టి నీరు దిగక పొంగి పొర్లింది. కిందికి వచ్చిన కాస్త నీటిని పరీక్షిస్తే పోసిన నీటికీ దానికీ ఒకటే నీలం.

కారణాలు ఇప్పుడు చదువుకున్న పిల్లవాడైనా చెబుతాడు. నేను పోసిన పొటాషియం ఫాస్ఫేట్ నీరు కొంచెం ఆమ్లం. ఐరన్ ఆక్సైడ్ ఉపరితలం ఆమ్లంలోనే ఫాస్ఫేట్‌ను బాగా పడుతుంది. మురుగునీరు కొంచెం క్షారం వైపు ఉంటుంది, అక్కడ పట్టు తగ్గుతుంది. మురుగులో బైకార్బొనేట్లు, సిలికేట్లు, సేంద్రియ పదార్థాలు ఉంటాయి, అవీ ఆ సీట్ల కోసమే వస్తాయి. వాటిమీద సూక్ష్మజీవులు పెరిగి జిగురు పడుతుంది. పైగా పరిమాణం సంగతి. కిలో రాయి 5 గ్రాముల భాస్వరం పట్టుకుంటుందనుకున్నా, ఒక్క కిలో భాస్వరానికి 200 కిలోల రాయి కావాలి. దింపి మళ్లీ వాడే ఏర్పాటు లేకపోతే రాళ్ల గుట్ట తప్ప ఏమీ మిగలదు. నేను ఆ ఏర్పాటు గురించి ఒక్క వాక్యమూ రాయలేదు. నూట ఇరవై ఏళ్ల కింద సిల్లార్ సోదరులు చేసిన తప్పే మళ్లీ చేశాను.

విచారణ జరిగింది. నివేదికను ఎవరూ ప్రశ్నించలేదు, ఎందుకంటే దాన్ని మెచ్చుకుంటూ సంతకాలు చేసినవారు పైన ఉన్నారు. తప్పు నిర్మాణంలో ఉందని, అడుగు గొట్టాల వాలు సరిగా లేదని తేల్చారు. ఇంజనీరు గారికి ఛార్జి మెమో వచ్చింది. ఒక ఇంక్రిమెంటు ఆపారు, అదీ క్యుములేటివ్ ఎఫెక్టుతో. ఆ రెండు మాటల అర్థం మన సభ్యులకు నేను వివరించనక్కరలేదు. ఆ ఏడాదితో పోదు. ప్రతి నెల జీతంలో, ఆ తర్వాత ప్రతి నెల పెన్షన్‌లో, ఆ తర్వాత ఫ్యామిలీ పెన్షన్‌లో కూడా నడుస్తూనే ఉంటుంది.

నేను నోరు విప్పలేదు. నా ప్రమోషన్ ఫైలు కదులుతోంది. ఇంట్లో చెల్లెలి పెళ్లి ఉంది. ఇవి కారణాలే గాని సమాధానాలు కావు. రిజిస్టరు తీసుకెళ్లి విచారణాధికారి ముందు పెడితే పది నిమిషాల పని. ఆయన నన్ను ఏమీ అనలేదు. క్యాంటీన్‌లో ఎదురైతే "బాగున్నారా సార్" అనేవారు. తర్వాత బదిలీ మీద వెళ్లిపోయారు. కొన్నేళ్ల కిందట కాలం చేశారు.

ఆ తర్వాత ప్రపంచం ఏం చేసింది

నా తొట్టి కూలగొట్టారు గాని ప్రపంచం ఆ పని ఆపలేదు. శుద్ధి కేంద్రాల గొట్టాల్లో తెల్లని గార పేరుకుపోవడం 1939లోనే అమెరికాలో గమనించారు. స్ట్రువైట్ అంటారు. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికం. మేమూ దాన్ని ఉలితో చెక్కి పారబోసినవాళ్లమే. ఆ గారనే కావాలని గుళికలుగా పెంచి ఎరువుగా అమ్మే కేంద్రాలు జపాన్‌లో, 2007లో కెనడాలోని ఎడ్మంటన్‌లో, 2009లో అమెరికాలోని ఓరెగాన్‌లో వచ్చాయి. అది భాస్వరం చిక్కగా ఉండే బురదనీటికి తగిన పద్ధతి. పలచని నీటిలో మిగిలిన చివరి మిల్లీగ్రాముకు మాత్రం అధిశోషకమే తగినది. అందుకే ఆ పరిశోధన ఇంకా నడుస్తోంది. జర్మనీ 2017లో చట్టం చేసి, పెద్ద శుద్ధి కేంద్రాలు 2029 నుంచి భాస్వరాన్ని తిరిగి తీయాలని గడువు పెట్టింది. స్విట్జర్లాండు అంతకు ముందే నిబంధన తెచ్చింది.

మనకూ హెచ్చరిక వచ్చింది. 2021లో అంతర్జాతీయ ధరలు పెరిగి, సబ్సిడీ లేకపోతే డి.ఎ.పి. బస్తా 2,400 రూపాయలయ్యే పరిస్థితి వచ్చింది. కేంద్రం బస్తా మీద సబ్సిడీని 500 నుంచి 1,200 రూపాయలకు పెంచి రైతుకు 1,200కే అందేలా చూసింది. అదే ఏడాది చైనా ఎగుమతులు బిగించింది. ఆ రోజుల్లో మా ఊళ్లో మా తమ్ముడు సొసైటీ దగ్గర తెల్లవారుజామున చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డాడు. ఫోనులో "అన్నయ్యా, మీ ఆఫీసులో ఏదో భాస్వరం అనేవాడివి, అదేమైంది?" అని అడిగాడు. సమాధానం చెప్పలేకపోయాను.

మన పెద్దలు ఎండాకాలంలో చెరువు పూడిక మట్టి తోలి పొలానికి వేసేవారు. ఆ బంకమన్నులోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు కొట్టుకొచ్చిన భాస్వరాన్ని కొంత పట్టి ఉంచుతాయి. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఆ మట్టి మళ్లీ బండ్లెక్కడం చూసి సంతోషించాను. ఊరి చెరువు మట్టి సంగతి అది. పట్టణపు మురుగు, కర్మాగారాల నీరు కలిసిన చెరువు మట్టిని మాత్రం పరీక్ష చేయించకుండా పొలానికి వేయకూడదు. భార లోహాలు ఉండవచ్చు. పట్టుకునే గుణం మంచినీ చెడునీ వేరుచేయదు.

చివరి మాట

పోయిన ఏడాది నేను ఆ ఇంజనీరు గారి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి కూర్చోబెట్టారు. కాఫీ తాగాక నివేదిక సంగతి, స్వేదనజలం సంగతి అంతా చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయనకు తెలుసు అన్నయ్యగారూ. విచారణప్పుడు మీ రిజిస్టరు చూశారట. 'ఆయన నీళ్లు వేరు, నా నీళ్లు వేరు' అనేవారు. మీకు పిల్లల చదువులున్నాయని ఎవరికీ చెప్పలేదు" అన్నారు.

ఆ మాట విన్నాక రాయకుండా ఉండలేకపోయాను. ఇంక్రిమెంటు ఉత్తర్వును తిరిగి పరిశీలించమని, ఆమె ఫ్యామిలీ పెన్షన్ సరిచేయమని, జరిగింది జరిగినట్టు నా సంతకంతో సంబంధిత శాఖకు అర్జీ పెట్టాను. ఇన్నేళ్ల తర్వాత ఫలితం ఉంటుందో లేదో గాని, మన సంఘం కూడా ఒక తీర్మానం చేసి పంపితే బరువు పెరుగుతుంది. కార్యదర్శి గారిని ఈ వ్యాసం ద్వారానే కోరుతున్నాను.

ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న పిల్లలు ఈ సంచిక చదివితే వారికి రెండే మాటలు. స్వేదనజలంలో గెలిచినదాన్ని గెలుపు అనకండి, అసలు నీరు పోసి చూడండి. పోసి చూడలేదని ఎవరైనా మేస్త్రీ చెబితే వినండి. మూడోది పెద్దలకు. పాత ప్రయోగశాల రిజిస్టర్లు తూకానికి అమ్మకండి. ఎవరి నీళ్లు ఏవో వాటిలోనే రాసి ఉంటుంది.